ముప్పావు శాతం

బడి, ఉపాధ్యాయుల గది
జులై 3

మావయ్యకి నమస్కారాలు,

మీ చిరునామా అమ్మ ఇచ్చింది. ఇన్నేళ్ల తర్వాత నా ఉత్తరం చూసి కంగారు పడకండి. ఇంట్లో అందరూ బాగానే ఉన్నారు. మీతో నాకొక పని పడింది, అంతే.

నేను వినికిడి లేని పిల్లల బడిలో పని చేస్తున్నానని అమ్మ చెప్పే ఉంటుంది. నా తరగతిలో పదకొండు మంది. పాఠాలన్నీ సైగల్లోనే. ఈ ఏడాది సాంఘిక శాస్త్రంలో కొత్త పాఠం ఒకటి చేర్చారు, కేంద్ర బ్యాంకు గురించి. అందులో ఒక వాక్యం ఇలా ఉంది: “కేంద్ర బ్యాంకు రుణ రేటు, డిపాజిట్ రేటుల ద్వారా ద్రవ్య విధానాన్ని అమలు చేస్తుంది.” నాలుగుసార్లు చదివాను. ఒక్కో మాటా అర్థమవుతుంది, వాక్యం మాత్రం అర్థం కాదు.

నోటితో చెప్పే టీచరైతే ఆ వాక్యం గడగడా చదివేసి ముందుకి పోవచ్చు. నాకు ఆ వీలు లేదు. ఈ మాటలకి సైగలు లేవు, మేమే తయారు చేసుకోవాలి. సైగ చెయ్యాలంటే చెయ్యి ఎటు కదలాలో తెలియాలి. ‘అప్పు’ అంటే ఇచ్చేవాడి వైపు నుంచి పుచ్చుకునేవాడి వైపు చెయ్యి వెళుతుంది. మరి ఇక్కడ ఎవరిస్తున్నారు, ఎవరు పుచ్చుకుంటున్నారు? తెలియకుండా చేతులు ఊపితే పిల్లలు ఇట్టే పట్టేస్తారు.

పట్టేశారు కూడా. మా తరగతిలో ఒక అమ్మాయి ఉంది. ప్రశ్న అడిగే ముందు ఒక కనుబొమ పైకెత్తుతుంది కాబట్టి ఆ పిల్ల పేరు మా సైగల్లో ‘కనుబొమ’. ఆ పిల్ల అడిగింది: “మనం బ్యాంకులో డబ్బు దాచుకుంటాం. బ్యాంకు ఎక్కడ దాచుకుంటుంది?” రేపు చెబుతానన్నాను. ఆ రేపు వెళ్లిపోయి ఎనిమిది రోజులైంది.

మీరు పాతికేళ్లు ఆ కేంద్ర బ్యాంకులోనే పని చేశారు కదా. మిమ్మల్ని చివరిసారి చూసినప్పుడు నాకు పదమూడేళ్లు. నా లెక్కల పుస్తకం వెనక అట్ట మీద పిచ్చుక బొమ్మ గీసి, ఇది నువ్వే అన్నారు. ఆ చనువుతోనే అడుగుతున్నాను. చదువుకున్నవాళ్లకి చెప్పినట్టు కాకుండా, కనుబొమకి చెప్పినట్టు రాయండి.

మీ మేనకోడలు

* * *

మందుల షాపు పైన, మూడో అంతస్తు
జులై 11

పిచ్చుకకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, ఆ పిల్ల ప్రశ్న మూడుసార్లు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో సరిగ్గా అదే అడిగితే మా పైఅధికారి నవ్వాడు. నవ్వాల్సింది ఏమీ లేదు. అసలు కథంతా అక్కడే ఉంది.

బ్యాంకులు మా దగ్గర దాచుకుంటాయి. ప్రతి బ్యాంకుకీ కేంద్ర బ్యాంకులో ఒక ఖాతా ఉంటుంది. పగలంతా ఈ బ్యాంకు ఖాతాదారులు ఆ బ్యాంకు ఖాతాదారులకి డబ్బు పంపుతూనే ఉంటారు. నువ్వు ఇంటి అద్దె పంపావనుకో, మీ బ్యాంకు ఖాతాలోంచి మీ ఇంటి యజమాని బ్యాంకు ఖాతాలోకి వెళుతుంది. ఇలాంటివి లక్షలు. సాయంత్రం అయ్యేసరికి ఒకడికి తక్కువ పడుతుంది, ఇంకొకడికి మిగులుతుంది. తక్కువ పడ్డవాడు మిగిలినవాడికి ఫోన్ చేసి, ఈ ఒక్క రాత్రికీ సర్దమంటాడు. ఊరికే ఎవరు సర్దుతారు? వడ్డీ అడుగుతాడు. ఆ ఒక్క రాత్రి వడ్డీయే మాకు కావలసింది. తక్కిన వడ్డీలన్నీ, ఇంటి అప్పు, బండి అప్పు, దుకాణం అప్పు, దాని వెనకే నడుస్తాయి.

ఇప్పుడు మా సంగతి. మాకు రెండు కిటికీలు ఉంటాయనుకో. ఒక దాని దగ్గర, తక్కువ పడ్డ బ్యాంకుకి తాకట్టు మీద అప్పిస్తాం, ఏడు శాతానికి. అది రుణ రేటు. రెండో దాని దగ్గర, మిగిలిన డబ్బు తెచ్చి పెట్టుకుంటే ఐదు శాతం ఇస్తాం. అది డిపాజిట్ రేటు. మా దగ్గర ఏడుకి దొరుకుతుంటే పక్కవాడికి ఎనిమిది ఎవడిస్తాడు? మా దగ్గర ఐదు వస్తుంటే పక్కవాడికి నాలుగుకి ఎవడు సర్దుతాడు? కాబట్టి వాళ్ల బేరం ఎంత సాగినా ఐదుకీ ఏడుకీ మధ్యనే సాగాలి. ఒకటి పైకప్పు, ఒకటి నేల. మేం ఎవరి చెయ్యీ పట్టుకుని ఆపం. ఎవరికీ ఉత్తర్వు పంపం. రెండు అంకెలు ప్రకటించి ఊరుకుంటాం.

ఆ అంకెలు చిన్నవిగా కనిపిస్తాయి. పావు శాతం పెంచాలా వద్దా అని ఆరుగురు పెద్దమనుషులు రెండు రోజులు కూర్చుని వాదించుకోవడం నేను చూశాను. వాళ్ల ముందు పెట్టే కాగితం తయారు చేసే విభాగంలో పని చేశాను కొన్నాళ్లు.

నీ సైగలో చేతులు ఎటు వెళ్లాయో రాయి. నాకూ చూడాలని ఉంది.

అక్కని అడిగానని చెప్పు. మీ నాన్న ఆరోగ్యం ఎలా ఉంది? నేను అడిగానని ఆయనకి చెప్పనక్కర్లేదు.

మావయ్య

* * *

ఇల్లు, వంటింటి బల్ల
ఆగస్టు 2

మావయ్యకి,

మీ ఉత్తరం నల్లబల్ల మీద బొమ్మ వేసి చూపించాను. ఎడమ అరచెయ్యి బోర్లించి కనుబొమల ఎత్తున పెడితే రుణ రేటు. కుడి అరచెయ్యి వెల్లకిలా గుండెల దగ్గర పెడితే డిపాజిట్ రేటు. అంతవరకూ బాగుంది. వాటి మధ్య బేరమాడే వడ్డీని ఎలా చూపించాలి? చేతులు అయిపోయాయి. చివరికి మా పొడుగమ్మాయి లేచి వచ్చి కనుబొమ చేతుల మధ్య తన పిడికిలి పెట్టి పైకీ కిందకీ ఆడించింది. అంటే ఆ సైగ చెయ్యడానికి ఇద్దరు కావాలి. మా బడిలో ఇద్దరు మనుషులు కలిసి చేసే సైగ ఇదొక్కటే.

తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. మొదటిది: ఎవరికీ తక్కువ పడకుండా అన్ని బ్యాంకుల దగ్గరా డబ్బు మిగిలిపోతే? వాళ్లే తేల్చుకున్నారు. అప్పడిగే వాడే లేకపోతే పిడికిలి జారి కింద చేతి మీద కూర్చుంటుందట. అప్పుడు పై చెయ్యి ఉన్నా లేకపోయినా ఒకటేనట. ఇది నిజమేనా? నిజమైతే నేను చెప్పకుండానే కనిపెట్టారు.

రెండోది: రెండు చేతులూ కలిపి పైకి లేపితే బయట ఉన్న మనకేమవుతుంది? కనుబొమ చేతులు లేపింది, పొడుగమ్మాయి పిడికిలి కూడా లేచింది. ఆ తర్వాత అందరూ నా వైపు తిరిగారు. దీనికి జవాబు మీరే రాయాలి.

ఇంకో సంగతి రాయాలి. రాత్రి భోజనాల దగ్గర ఈ పాఠం సంగతి చెప్పాను, మీరు ఎంత బాగా రాశారో కూడా. నాన్న కంచం సగంలో వదిలేసి చెయ్యి కడుక్కోవడానికి వెళ్లారు. కుళాయి చాలాసేపు అలా పారుతూనే ఉంది. “ఏమైందమ్మా?” అంటే అమ్మ, “ఆ పెట్టెల కాలంలో జరిగిందిలే. నువ్వు తిను” అంది.

నాకు ఇరవై ఏడేళ్లు. ఇంకా నన్ను తినమనే అంటున్నారు. నాన్న అట్టపెట్టెల కార్ఖానా మూతపడటం తెలుసు, మీరు మా ఇంటికి రావడం మానేయడం తెలుసు. ఈ రెండూ ఒకే ఏడాది జరిగాయన్న సంగతి నిన్ననే లెక్క వేసుకున్నాను. వడ్డీ గురించి ఎంత విడమరిచి రాశారో ఇదీ అలాగే రాయండి.

పిచ్చుక

* * *

మూడో అంతస్తు
ఆగస్టు 19

పిచ్చుకకి,

ముందు పిల్లల ప్రశ్నలు. మొదటిదానికి వాళ్ల జవాబు పూర్తిగా నిజం. డబ్బు పొంగి పొర్లుతున్న రోజుల్లో నేలే అసలు రేటు. ఇది అర్థం కావడానికి మా విభాగంలో ఒకాయనకి ఏడాది పట్టింది.

రెండోదానికి జవాబూ, నువ్వు అడిగిన మూడోదానికి జవాబూ ఒకటే. అందుకే రాయడానికి ఇన్నాళ్లు పట్టింది.

రెండు చేతులూ లేపితే బ్యాంకులకి డబ్బు ఖరీదవుతుంది. ఆ ఖరీదు వాళ్లు మన మీద వేస్తారు. మారే వడ్డీకి అప్పు తీసుకున్నవాళ్ల నెల కిస్తీ పెరుగుతుంది. కొత్తగా అప్పు చేద్దామనుకున్నవాళ్లు ఆగుతారు. చేతిలో డబ్బున్నవాళ్లు ఖర్చు పెట్టడం కంటే దాచుకోవడం మేలనుకుంటారు. కొనేవాళ్లు తగ్గితే ధరల పరుగు నెమ్మదిస్తుంది. దానికోసమే చేతులు లేపేది.

మీ నాన్న కార్ఖానా నీకు గుర్తుందా? చెప్పుల కంపెనీకి పెట్టెలు చేసేవాడు. ఏడుగురు పనివాళ్లు. అట్ట కత్తిరించే పాత యంత్రం రోజుకి రెండుసార్లు మొరాయించేది. ఆ ఏడాది కొత్త యంత్రానికి అడ్వాన్సు ఇచ్చాడు. అది దిగిన ఆదివారం అక్క నన్ను భోజనానికి పిలిచింది. ఆ బుధవారమే రేట్ల ప్రకటన. సమావేశానికి ముందు వారం మేం ఎవరితోనూ రేట్ల గురించి నోరు విప్పకూడదు. మౌన వారం అంటాం. ముప్పావు శాతం పెంచాలని కాగితం రాసింది నేనే.

భోజనం అయ్యాక మీ నాన్న అడిగాడు. బ్యాంకువాళ్లు రెండు రకాల అప్పు చూపించారు. మారే వడ్డీకి తొమ్మిది శాతం. ఎప్పటికీ మారని వడ్డీకి తొమ్మిదిన్నర. ఏది తీసుకోమంటావని. నాకేం తెలుసు బావా, బ్యాంకువాళ్లనే అడుగు అన్నాను. మంగళవారం ఆయన మారే వడ్డీ కాగితాల మీద సంతకం పెట్టాడు. బుధవారం ముప్పావు పెరిగింది. ఏడాది తిరిగేసరికి మొత్తం మూడు శాతం.

కిస్తీ పెరగడం ఒక్కటే కాదు. జనం చెప్పులు కొనడం తగ్గించారు. కంపెనీ పెట్టెలు తగ్గించింది. నీకు ఒకటి నిజాయితీగా చెప్పాలి. మీ నాన్న ఆర్డర్లు తగ్గడం మా లెక్కలో పొరపాటు కాదు. మేం కోరుకున్నదే అది. ఎక్కడో ఎవరో కొనడం తగ్గించాలని కాగితంలో రాశాను. ఆ ‘ఎక్కడో’ మా అక్క ఇల్లని రాసేటప్పుడు అనుకోలేదు.

ఆయన కోపంలో తప్పు లేదు. తెలిసీ చెప్పలేదు. కానీ చెప్పే హక్కు నాకు లేదు.

మావయ్య

* * *

ఇల్లు
సెప్టెంబరు 14

మావయ్య గారికి,

మీ ఉత్తరం అందిన రోజు నేను పూర్తిగా మీ పక్షం. మీ పేరు చెప్పకుండా తరగతిలో పిల్లల్ని అడిగాను కూడా. ఒకరి మావయ్యకి వడ్డీ పెరగబోతోందని ముందే తెలుసు, వాళ్లింట్లో చెప్పాలా వద్దా? ఎక్కువమంది చెప్పాలన్నారు. సొంత మనిషికి చెప్పకపోతే ఇంకెందుకు అన్నారు. అప్పుడు కనుబొమ లేచి, “మావయ్య ఉన్నవాళ్లకి మావయ్య చెబుతాడు. మావయ్య లేనివాళ్ల సంగతి?” అంది.

ఆ మాట నాన్నకి చెబుదామనిపించింది. ఆదివారం ఆయన బూట్లకి రంగు వేసుకుంటుంటే పక్కన కూర్చుని, మీరు రాసిందంతా చెప్పాను. చేతులు రెండూ లేపి చూపించాను. నాన్న చూసి, “రెండూ ఒకేసారి లేవక్కర్లేదు. ఒక్కోసారి కింద చెయ్యి ఒక్కటే లేపుతారు, మధ్య సందు తగ్గిస్తారు” అన్నారు. బీరువా అడుగు నుంచి ఒక ఫైలు తీశారు. పద్నాలుగేళ్ల ప్రకటనలు, పేపర్లోంచి కత్తిరించినవి, ప్రతిదాని పక్కనా పెన్సిలుతో అంకెలు. ఇంకొకరి కార్ఖానాలో మేస్త్రీగా చేస్తూ, ప్రతి రెండు నెలలకీ ఒక కాగితం కత్తిరించి దాచుకున్నారు. అమ్మకి కూడా తెలియదు.

“మావయ్యకి చెప్పే హక్కు లేదు కదా నాన్నా” అన్నాను.

“చెప్పమని నేనెప్పుడన్నాను?”

“ఏది తీసుకోవాలని అడిగావట. నాకేం తెలుసు అన్నాడట.”

నాన్న బ్రష్ కింద పెట్టారు. “అలా రాశాడా?”

“అలాగే రాశాడు.”

“ఆ మాటే అని ఉంటే అర శాతం ఎక్కువైనా మారనిదే తీసుకునేవాణ్ణి. వాడు ప్రతిసారీ ఏదో ఒకటి చెప్పేవాడు. ఆ రోజు చెప్పకపోతే నాకు అనుమానం వచ్చేది. వాడన్నది అది కాదు. నా భుజం మీద చెయ్యేసి, మారేదే తీసుకో బావా, అర శాతం ఎందుకు దండగ అన్నాడు.”

రెండో బూటుకి రంగు వేసుకున్నారు.

మీరు నాకు కిటికీలూ నేలా పైకప్పూ ఎంతో ఓపికగా రాశారు. ఇది మాత్రం ఎందుకు ఇలా రాశారు? మీ ఇద్దరిలో ఎవరి మాట నిజం? పాఠం కోసం అడగడం లేదు.

మీ మేనకోడలు

* * *

మూడో అంతస్తు
అక్టోబరు 9

పిచ్చుకకి,

మీ నాన్న చెప్పిందే నిజం. భుజం మీద చెయ్యి కూడా నిజమే.

పోయిన ఉత్తరంలో ‘నాకేం తెలుసు’ అని రాసేటప్పుడు కలం ఆగింది. అయినా రాశాను. ఇన్నేళ్లుగా నాకు నేను అలాగే చెప్పుకుంటున్నాను కాబట్టి చెయ్యి దానికి అలవాటు పడింది.

ఎందుకు అన్నానో రాస్తాను. సమర్థించుకోవడానికి కాదు, నువ్వు ఎందుకని అడిగావు కాబట్టి. ఆ విభాగంలో చేరాక నాకు కాస్త గర్వం వచ్చింది. మీ నాన్న వడ్డీల సంగతి అడిగినప్పుడల్లా, ఏం మారదులే బావా అనేవాణ్ణి. ఏమీ మారని రోజులవి, నా మాట తప్పేది కాదు. అది కూడా చెప్పకూడదు. కానీ పెంచుతున్నామని చెప్పడం రహస్యం బయటపెట్టడం, మారదని చెప్పడం కబుర్లు చెప్పడం అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మీ ఇంట్లో అందరూ నా నోటి వైపు చూస్తుంటే బాగుండేది.

ఆ ఆదివారం ఆయన అడిగేసరికి ఇరుక్కుపోయాను. మౌనంగా ఉంటే తెలిసిపోతుంది. చెప్పకూడదు అంటే ఇంకా తెలిసిపోతుంది, ఎందుకంటే ఆ మాట అంతకు ముందు ఒక్కసారీ అనలేదు. మొదటి నుంచీ ప్రతిసారీ చెప్పనని అని ఉంటే, ఆ రోజూ అదే అని బయటపడేవాణ్ణి. ఆయనకి ఏ అనుమానమూ రాకూడదన్న భయంలో, అనుమానం రాని మాట ఏదో అదే అన్నాను. రహస్యం కాపాడాననుకున్నాను. భోజనం చేసి, యంత్రం చుట్టూ తిరిగి, బాగుందని మెచ్చుకుని వచ్చాను. సంతకం ఇంకా వారం పడుతుందనుకున్నాను. ఈలోపు ప్రకటన వస్తుంది, ఆయనే మనసు మార్చుకుంటాడని. మంగళవారమే పెట్టేస్తాడని తెలియదు.

నెల తర్వాత ఆ విభాగం నుంచి మార్చమని అర్జీ పెట్టుకున్నాను. చిరిగిన నోట్లు లెక్కపెట్టి తగలబెట్టే విభాగానికి వేశారు. రిటైరయ్యేదాకా తొమ్మిదేళ్లు అక్కడే ఉన్నాను. నాకు ప్రశాంతంగా ఉంటుందని అడిగి మరీ వెళ్లానని అందరికీ చెప్పాను. అక్కకి కూడా అదే చెప్పాను.

నిజాలు రాయడం మొదలుపెట్టాక ఇదీ రాస్తున్నాను. అక్క ఫోన్ చేస్తే ఈ మధ్య నేను తియ్యకపోవడానికి కారణం, ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవి సగం. ఎదురుగా కూర్చుని గట్టిగా మాట్లాడితే అందుతుంది. అక్క బాధపడుతుందని చెప్పలేదు.

ఈ ఉత్తరం మీ నాన్నకి ఇవ్వు. చదువుతాడో చింపేస్తాడో ఆయన ఇష్టం. నువ్వు మాత్రం నాకు రాయడం మానకు. పిల్లలు ఇంకా ఏం అడిగారో తెలుసుకోవాలని ఉంది.

మావయ్య

* * *

కార్ఖానా, మేస్త్రీ బల్ల
నవంబరు 3

బావమరిదికి,

నీ ఉత్తరం పిల్ల ఇచ్చింది. మధ్యాహ్నం యంత్రాలు ఆపిన అరగంటలో చదివాను. జిగురు చేతులతో పట్టుకోవడం వల్ల ఒక మూల పాడైంది. చింపలేదు.

నాకు ఉత్తరాలు రాయడం రాదు. లెక్క రాస్తాను. మారని వడ్డీ తీసుకుని ఉంటే ఇంకో ఐదారు నెలలు నెట్టుకొచ్చేవాణ్ణి. అంతే. ఈ లెక్క పద్నాలుగేళ్లలో చాలాసార్లు వేశాను, ప్రతిసారీ అంతే వచ్చింది. కార్ఖానా ఎలాగైనా పోయేది. ఆర్డర్లు సగానికి పడ్డాయి. అది నువ్వు నాకు చెప్పిన అబద్ధం వల్ల కాదు, నువ్వు పైవాళ్లకి రాసిన నిజం వల్ల. దానికి నీ మీద నాకు కోపం లేదు. ధరలు అలా పెరుగుతుంటే ఎవరో ఒకరు ఆ కాగితం రాయాలి.

నాకు అంతుపట్టనిది వేరే. తెలిసి అన్నాడా, తెలియక అన్నాడా? మీ అక్క ఇప్పటికీ తెలియకే అన్నాడంటుంది. వాడికి అంత లోపలి సంగతులు తెలియవు, గొప్పలు పోతాడంతే అంటుంది. నేను తెలిసే అన్నాడనేవాణ్ణి. దీని మీద మా ఇద్దరికీ ఎన్నిసార్లు మాటలు ఆగిపోయాయో నీకు తెలియదు. ఇప్పుడు తేలింది. నేనే గెలిచాను. మీ అక్కకి నీ ఉత్తరం చదివి వినిపించాను. ఆ రోజంతా ఆవిడ మాట్లాడలేదు.

నాలుగో శనివారం మేమిద్దరం మీ ఊరు వస్తున్నాం. భోజనానికి. ఏదో వండు, మాకు పట్టింపులు లేవు. జరిగిందేదో జరిగిందిలే అని నేను అనను. నువ్వూ ఆ మాట అనకు. ఉత్తరంలో రాసింది నా ఎదురుగా కూర్చుని నోటితో చెప్పు, అది చాలు.

నీకు వినపడటం లేదట. గట్టిగా మాట్లాడాలట. దాని గురించి నువ్వు బెంగ పెట్టుకోకు. నీ మీద గట్టిగా అరవాలని నాకు చాలా ఏళ్లుగా ఉంది.

బావ

* * *

మూడో అంతస్తు
డిసెంబరు 1

పిచ్చుకకి,

వాళ్లు వచ్చి వెళ్లారు. అక్క నీకు ఎలాగూ చెబుతుంది, కానీ ఆవిడ సగంసేపు వంటింట్లోనే ఉంది. అందుకని నేనూ రాస్తున్నాను.

నేను చెప్పవలసింది ముందే చెప్పేశాను, వాళ్లు చెప్పులు విప్పుతుండగానే. భోజనం అయ్యేదాకా ఆగితే మళ్లీ ఏదో ఒకటి అల్లుతానని భయం వేసింది. “తెలుసు బావా. తెలిసే అన్నాను” అన్నాను. మీ నాన్న అరిచాడు. నిజంగానే అరిచాడు. కింద మందుల షాపు ఆయన మెట్లెక్కి వచ్చి, అంతా బాగానే ఉందా అని తలుపు దగ్గర నిలబడ్డాడు. “మా బావమరిదికి వినపడదండీ” అన్నాడు మీ నాన్న. ఆయన తల ఊపి వెళ్లిపోయాడు. ఆ తర్వాత అరిచే ఊపు తగ్గింది. అక్క మాత్రం నాతో అరవలేదు. నా కుడి పక్కన కూర్చుని, చెవి దగ్గరగా వచ్చి, “నీకు తెలియదనే నేను పద్నాలుగేళ్లు పోట్లాడానురా” అంది. ఆ మాట పూర్తిగా వినిపించింది. ఆవిడతో నా లెక్క ఇంకా తేలలేదు.

భోజనం అయ్యాక మీ నాన్న సంచీలోంచి ఫైలు తీశాడు. ఆ బుధవారం పేపరు ముక్క బల్ల మీద పరిచి, “ముప్పావు ఎందుకు? అర పెంచి రెండు నెలలు చూడొచ్చుగా” అన్నాడు. నేను వాదించాను. ఆ ఏడాది నూనె, పిండి, ఇంటి అద్దెలు ఎలా పరుగెత్తాయో చెప్పాను. మా కాగితంలో ఇరవై ఆరు రకాల ధరలు ఉన్నాయని చెప్పాను.

“అందులో అట్ట ఉందా?”

లేదన్నాను.

“ఆ ఆదివారానికి అట్ట ధర దిగడం మొదలై మూడు వారాలైంది. చెప్పులైనా మందులైనా ముందు పెట్టె ఆర్డరిస్తారు, ఆ తర్వాతే సరుకు చేస్తారు. పెట్టెలు తగ్గాయంటే మూడు నెలల్లో అన్నీ తగ్గుతాయి. బజారు అప్పటికే చల్లబడుతోంది. మీరు దాని నెత్తిన ఇంకో కుండ నీళ్లు పోశారు.”

“అంత తెలిసినవాడివి యంత్రం ఎందుకు కొన్నావు?”

“అట్ట చవకైందని సంబరపడి కొన్నాను. ఎందుకు చవకైందో అప్పుడు ఆలోచించలేదు. ఆ తర్వాత ఆలోచించడానికి బోలెడు తీరిక దొరికింది.”

అక్క టీ తెచ్చి పెట్టింది. చల్లారాక మళ్లీ వేడి చేసి తెచ్చింది. బస్సు టైమయ్యేదాకా మేం ఒక్కో పేపరు ముక్కా తీసి చూస్తూనే ఉన్నాం. కొన్నిచోట్ల, రేటు తర్వాత ఎంతవుతుందో ఆయన పెన్సిలుతో వేసిన అంచనా మాకంటే రెండు నెలలు ముందుంది. ఎలా పట్టుకున్నావంటే, ఏ కంపెనీవాళ్లు ఎన్ని పెట్టెలు తగ్గించారో చెప్పాడు. నేను రాసుకున్నాను. ఎందుకో తెలియదు, రిటైరై అయిదేళ్లయింది, రాసుకుని ఎవరికి చూపించాలి. అయినా రాసుకున్నాను.

మెట్లు దిగుతూ ఉంటే అన్నాను. “ఈ అట్ట సంగతి తెలిసి ఉంటే నా కాగితంలో అర శాతమే రాసేవాణ్ణేమో బావా.”

ఆయన నా మొహం చూసి, “రాసేవాడివి కాదులే” అన్నాడు.

అయి ఉండొచ్చు. కానీ బస్సు వెళ్లిపోయాక చాలాసేపు అదే ఆలోచిస్తూ కూర్చున్నాను. ఆ ఆదివారం మీ నాన్న నన్ను ఒక ప్రశ్న అడిగాడు. అడిగినదానికి అబద్ధం చెప్పాను, అది ఒప్పుకున్నాను. కొత్త యంత్రం పక్కన ఆయనతో గంటసేపు నిలబడ్డాను. దేశంలో సరుకు ఎలా కదులుతోందో నా కంటే ముందు తెలిసిన మనిషి నా ఎదురుగా ఉన్నాడు. నేను ఆయన్ని ఏమీ అడగలేదు.

మావయ్య